కప్పు వెనక పందెం

టీవీలో కార్ల పందెం వస్తుంటే నేను చూస్తాను. ఈ వయసులో నీకిదేం పిచ్చి అని ఇంట్లో అందరూ నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. భక్తి చానెల్ పెట్టుకుని కునికిపాట్లు పడే వయసు నాకింకా రాలేదు. నాకు ఒళ్ళు మండించేది వాళ్ళ నవ్వు కాదు, ఆ టీవీవాళ్ళ తీరు. ఇద్దరు ఒకరినొకరు తరుముకుంటూ వస్తారు, మలుపు దగ్గర వెనకవాడు లోపలి పక్క నుంచి దూరబోతాడు, నేను కుర్చీ అంచుకు జరుగుతాను. సరిగ్గా అప్పుడు తెర మీదికి గడ్డం గీసుకునే మనిషి వస్తాడు. వాడి గడ్డం నున్నగా అయ్యేసరికి ఇక్కడ ఎవడు ముందుకు పోయాడో, ఎవడు గోడకు గుద్దుకున్నాడో అంతా ముగిసిపోయి ఉంటుంది.

పోనీ ప్రకటన లేనప్పుడైనా పందెం చూపిస్తారా అంటే అదీ లేదు. మొదటి కారొక్కదాన్నే పట్టుకుని ఊరేగిస్తారు. దాని ముందు ఎవరూ లేరు, వెనక చాలా దూరం దాకా ఎవరూ లేరు. అసలు కొట్లాట ఎక్కడో వెనక నలుగురైదుగురి మధ్య జరుగుతుంటుంది, అటు కెమెరా పోదు. అదీ కాకపోతే చూసేవాళ్ళను చూపిస్తారు. టోపీలు, నల్ల కళ్ళద్దాలు, కెమెరా తమ వైపు తిరిగిందని తెలియగానే చేతులూపే జనం. పందెం చూడ్డానికి వచ్చి పందేనికే వీపు పెట్టి చేతులూపుతున్న ఆ జనాన్ని చూసినప్పుడల్లా నాకు మా నాన్న, మా బాపు గుర్తొస్తాడు.

ఈ రోగం టీవీతో పుట్టిందని అందరూ అనుకుంటారు. కాదు. టీవీ అన్న మాటే మా నిజామాబాదు జిల్లాలో ఎవరూ వినని రోజుల్లో, డెబ్బైల మొదట్లో, మోస్రా దగ్గరి మా ఊరి బీడులో ఇదంతా మా కళ్ళ ముందే జరిగింది.

అప్పటికి మా వైపు చెరకు బండ్ల కాలం మెల్లగా పోతోంది. అంతకు ముందు బోధన్ ఫ్యాక్టరీకి చెరకు తోలాలంటే ఎడ్ల బండ్లే. గేటు ముందు రోడ్డు పొడుగునా బండ్ల వరస, ఎడ్లను విప్పుకుని బండి కిందే వంట, బండి కిందే నిద్ర. తర్వాత కలిగినవాళ్ళు ఒక్కొక్కరే ట్రాక్టరు కొనడం మొదలుపెట్టారు. పసుపు బాగా పండిన ఏడు మా బాపు కూడా ఒక ఎర్ర ట్రాక్టరు కొన్నాడు. కొన్నాడు గానీ ఆయనకు నడపడం రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. జక్రాన్‌పల్లి నుంచి ఒక డ్రైవరును తెచ్చి పెట్టుకున్నాడు.

మా అన్నకు ఆ ట్రాక్టరంటే ప్రాణం. డ్రైవరు పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని కూర్చుని పని నేర్చుకున్నాడు. అయితే నేర్చుకుంటున్న కొత్తలో ఒకనాడు తొందరపడి దాన్ని తీసుకుపోయి కాలువలోకి ముందు చక్రాలు దించాడు. ఊరంతా తాళ్ళు కట్టి లాగితే గానీ పైకి రాలేదు. బాపు ఆ సంగతి మరిచిపోలేదు, మమ్మల్ని మరిచిపోనీయలేదు. ఆ రోజు నుంచి ట్రాక్టరు తాళం బాపు మొలతాడుకు చేరింది. పొద్దున డ్రైవరు వచ్చి వాకిట్లో నిలబడితే బాపు గోడ వైపు తిరిగి, ముడి విప్పి తాళం ఇచ్చేవాడు. సాయంత్రం మళ్ళీ కట్టుకునేవాడు. స్నానానికి పోయినా అది ఆయన ఒంటి మీదే. ట్రాక్టరు తాళమో, దర్గా దగ్గర కట్టించుకున్న తాయెత్తో చూసేవాళ్ళకు తెలిసేది కాదు.

సొంతింట్లో ట్రాక్టరు పెట్టుకుని పరాయివాడి పక్కన మడ్‌గార్డు మీద వేలాడడం అన్నకు నామోషీగా ఉండేది. ఇరవై దాటిన మనిషి. ఎన్నిసార్లు అడిగినా బాపు కాలువ కథ మొదటి నుంచి ఎత్తుకునేవాడు. ఆ ఏడు చెరకు తోలడం అయిపోయాక అన్న మా అమ్మ దగ్గర, అదే అవ్వ దగ్గర కూర్చుని ఒక మాట చెప్పేశాడు.

“వచ్చే సాలు గూడ నా చేతికి తాళం రాకపోతె నేను నాగపూరు లారీల మీద క్లీనరుగ పోత అవ్వా. ఆడ ఎప్పుడో ఒకప్పుడు స్టీరింగు ఇస్తరు.”

అవ్వ పొయ్యిలోకి కట్టె ఎగదోసింది. ఆ లారీలు ఎక్కినవాళ్ళు ఏ ఊళ్ళో తింటారో, ఏ ఊళ్ళో పడుకుంటారో ఆమెకు తెలుసు. మా మేనమామ కొడుకు ఒకడు అట్లా పోయి, అప్పుడప్పుడు మనిషితో కబురు పంపడమే గానీ ఇంటి ముఖం చూడలేదు.

హోలీ పోయి, ఫ్యాక్టరీ గానుగ ఆగి, చెరకు రైతులు కాస్త కాళ్ళు చాపుకున్న రోజుల్లో హైదరాబాదు నుంచి ఒక చాయపత్తి కంపెనీ వ్యాను మా ఊరికి వచ్చింది. నెత్తి మీద రెండు మైకు గొట్టాలు, లోపల స్టవ్వు, పెద్ద గిన్నె, పింగాణీ కప్పులు. సినిమా తీసే కెమెరా కూడా ఉందని తెలిసి ఊరు ఊరంతా వ్యాను చుట్టూ మూగింది. వాళ్ళ ఆలోచన ఏమిటంటే, ట్రాక్టర్ల పందెం పెట్టాలి, దాన్ని కెమెరాతో తీయాలి, పందెం చూస్తూ రైతులు తమ చాయ తాగాలి. ఆ ముక్కను నిజామాబాదు టాకీసులో సినిమాకు ముందు వేస్తారు. గెలిచినవాళ్ళకు ఒక పెద్ద ఇత్తడి బిందె. మా ఊరి పోలీసు పటేలు అక్కడికక్కడే ఒప్పుకున్నాడు, జెండా ఊపే పని తనదేనని కూడా అప్పుడే చెప్పేశాడు.

అన్న బాపును అడగలేదు. పటేలు చేత అడిగించాడు. చావడి దగ్గర నలుగురూ ఉండగా అడిగేసరికి బాపుకు కాదనడం కుదరలేదు. కానీ ఊరికే ఒప్పుకుంటే ఆయన బాపు ఎందుకవుతాడు.

“గెలిస్తె తాళం వానిది,” అన్నాడు బాపు అందరి ముందు. “ఓడితె మల్ల నా ఇంట్ల తాళం ముచ్చట ఎత్తద్దు.”

ఆ మాట ఇంటికి మనుషుల కంటే ముందే చేరింది. బిందె ఎవరికి కావాలి? మా ఇంట్లో పందెం తాళం కోసం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, అన్న ఇంట్లో ఉంటాడా లారీ ఎక్కుతాడా అన్న దాని కోసం.

ఊరి బయట కాలువ కట్టకు ఆనుకుని పెద్ద బీడు ఉంది. దానికి ఒక చివర సున్నంతో గీత గీశారు. గీత నుంచి బయల్దేరి, రెండో చివర పాతిన గుంజను చుట్టి, మళ్ళీ గీత దగ్గరికి రావాలి. మగవాళ్ళు, వ్యాను, కెమెరా బీడుకు ఊరి వైపు. ఆడవాళ్ళం ఎదురుగా కాలువ కట్ట మీద. కెమెరా దగ్గర ఆడవాళ్ళుంటే బాగుండదని పటేలు ఆజ్ఞ. ఆయన పుణ్యాన మాకు మంచి చోటు దొరికింది. కట్ట ఎత్తు మీద ఉంది కాబట్టి బీడు ఆ కొస నుంచి ఈ కొస దాకా పళ్ళెంలో పెట్టినట్టు కనిపించింది. అవ్వ, నేను, వాడకట్టు ఆడవాళ్ళంతా చెంగులు నెత్తిన కప్పుకుని వరసగా కూర్చున్నాం.

అయిదు ట్రాక్టర్లు వచ్చాయి. ఒకటి మా ఎర్రది. ఇంకొకటి బోధన్ నుంచి. అక్కడ ఇనుప సామాన్ల దుకాణం ఉన్న ఒక ముస్లిం ఇంటి అబ్బాయి తెచ్చాడు. వాళ్ళ ట్రాక్టరు కిరాయికి చెరకు తోలేది, ఫ్యాక్టరీ వరసలో మా అన్నకూ అతనికీ దోస్తీ కలిసింది. మిగిలిన మూడింటిలో ఒకటి పటేలు అల్లుడిది, కొత్త నీలం ట్రాక్టరు. కంపెనీవాళ్ళు తమ పేరున్న గుడ్డ దానికే కట్టారు.

జెండా ఊగింది. ట్రాక్టర్లు కదిలాయి. అప్పటి నుంచి మొదలైంది మైకు మనిషి గోల. ఆ మనిషికి ఎదురుగా అయిదు ట్రాక్టర్లున్నా కనిపించేది నీలందొక్కటే. అది ఎంత ఠీవిగా వస్తోందో, దాని చక్రాల్లో ఎంత బలముందో, అంత బలం ఏ చాయ తాగితే వస్తుందో పుస్తకం చదివినట్టు చెప్పుకుపోతున్నాడు. నిజానికి నీలం ట్రాక్టరు అందరికంటే వెనక ఉంది. ఒకటి సగంలోనే పొగ కక్కి ఆగిపోయింది, ఇంకొకటి గుంజను గుద్ది దాన్ని పెళ్ళగించింది. నీలం దాని దారికి అడ్డం లేకుండా తాపీగా నడిచిపోతోంది, పెళ్ళికి పోతున్నట్టు. ముందు మా అన్న, వాడి వెనకే బోధన్ అబ్బాయి, ఒకరి దుమ్ములో ఒకరు. ఆ సంగతి మైకులో ఒక్క ముక్క లేదు.

మలుపు తిరిగి వాళ్ళిద్దరూ గీత వైపు వస్తున్నారు. బోధన్ ట్రాక్టరు పక్కకు తీసి అన్న మీదికి వస్తోంది. సరిగ్గా అప్పుడు మైకు మనిషి నీలం ట్రాక్టరును కూడా వదిలేసి చాయ మీద పాట ఎత్తుకున్నాడు.

“వీని నోట్ల మన్ను వడ,” అంది మా అవ్వ. ఆమె నోట తిట్టు వినడం నాకదే మొదలు.

అటు చూస్తే ఇంకో ఘోరం. కళ్ళద్దాలు పెట్టుకున్న చాయపత్తి కంపెనీ మనిషి ఒకడు మగవాళ్ళందరికీ కప్పులు పంచి, అందరూ కెమెరా వైపు చూస్తూ తాగాలని చెప్పినట్టున్నాడు. మొత్తం ఊరి మగవాళ్ళు పందేనికి వీపులు పెట్టి కెమెరా వైపు తిరిగిపోయారు. రుమాళ్ళు సర్దుకునేవాళ్ళు, మీసం దువ్వుకునేవాళ్ళు, పక్కవాణ్ణి తోసి ముందుకు వచ్చేవాళ్ళు. పటేలు ఒక చేత్తో కప్పు, ఒక చేత్తో జెండా పట్టుకుని ఆ జెండాను కెమెరాకు ఊపుతున్నాడు. మీసం బాగుందని మా బాపును నడి మధ్య నిలబెట్టారు. కెమెరా మనిషి ఆయనకు చేత్తో ఏవో సైగలు చేస్తూనే ఉన్నాడు.

ట్రాక్టర్లు గీత దగ్గరికి వచ్చాయి. అప్పుడు కట్ట మీద మేమందరం ఒక్కసారే లేచి నిలబడ్డాం. ఎందుకు లేచామో ఇప్పుడే చెప్పను. ఆ రోజుల్లో మమ్మల్నెవరూ అడగలేదు, మీరు కూడా కాసేపు ఆగండి.

దుమ్ము తగ్గేసరికి రెండు ట్రాక్టర్లూ గీత దాటి ఉన్నాయి. మగవాళ్ళు కప్పులు పట్టుకునే ఇటు తిరిగి, ఎవరు గెలిచిండ్రని ఒకర్నొకరు అడగడం మొదలుపెట్టారు. ఎర్రదే అని మా వాడకట్టువాళ్ళు, బోధన్‌దే అని ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళు. చూసినవాడు ఒక్కడూ లేడు, ఒట్టు పెట్టనివాడూ ఒక్కడు లేడు. పటేలుకు అసలే తెలియదు. చివరికి బోధన్ అబ్బాయినే అడిగారు.

“నాకేం తెల్వది పటేల్ సాబ్, కండ్ల నిండ దుమ్ము. గీత గూడ కనవడలె. ఖుదా కసం,” అన్నాడు అతను.

అన్నను అడిగారు. అన్న తల వంచుకుని, సిన్మ చెప్తది గదా అన్నాడు. ఆ మాట పటేలుకు దేవుడిచ్చిన మాటలా దొరికింది. కెమెరా అన్నీ చూస్తుంది, కెమెరా అబద్ధమాడదు, సినిమా వచ్చినప్పుడు అందులో ఎవరు ముందుంటే వాళ్ళదే బిందె అని తీర్పు చెప్పేశాడు. కెమెరా ఎటు చూస్తూ ఉందో ఆయన కంటే బాగా ఎవరికి తెలుసు? అయినా ఒక్కడికీ అనుమానం రాలేదు. అందరూ సరేనన్నారు. బిందెను పటేలు ఇంట్లో భద్రంగా పెట్టారు. వారం తిరగకుండానే పటేలు భార్య దాంతో బావి నుంచి నీళ్ళు మోయడం మేమందరం చూశాం.

ఇంటికి రాగానే అవ్వ బాపు ముందు నిలబడి, నేను చెప్త అంది. బాపు ఇంకా మీసం దువ్వుకుంటూనే ఉన్నాడు.

“నీకేం తెలుసే. కట్ట మీద ముచ్చట్లు వెట్టుకుంట కూసుంటిరి. సిన్మ రానీ,” అన్నాడు.

అవ్వ ముఖం ఎర్రబడింది. సరే, నీ సిన్మనే అడుగు అని లోపలికి పోయింది. మిగతా ఇళ్ళల్లోనూ ఆడవాళ్ళకు ఇదే మర్యాద జరిగిందని తర్వాత నీళ్ళ బావి దగ్గర తెలిసింది. సగం వినీ వినకుండానే, ఆడోళ్ళకేమెరుక, సిన్మ రానీ అన్నారట. అవ్వ అందరికీ చెప్పింది, వాళ్ళు నోరు తెరిచి అడిగేదాకా మనం తెరవద్దని. ఆడవాళ్ళ నోట్లో మాట ఆగదని మగవాళ్ళు అంటుంటారు. ఆ ఎండాకాలమంతా మా నోట్లో ఆగింది.

అవ్వది కోపమొక్కటే కాదని నాకు తెలుసు. ఆమెకు భయం కూడా ఉంది. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

ఎండలు పోయాయి. వానలు పడ్డాయి. తాళం బాపు మొలతాడుకే ఉంది. డ్రైవరు పొద్దున తీసుకుంటున్నాడు, సాయంత్రం ఇస్తున్నాడు. అన్న మళ్ళీ మడ్‌గార్డు మీదే. బోధన్ పోయినప్పుడల్లా లారీలు ఆగే చోట నిలబడి ఎవరెవరితోనో మాట్లాడి వస్తున్నాడని మాకు తెలుస్తోంది. అవ్వ వాడికి ఇష్టమైన కూరలు వండి పెట్టడం ఎక్కువ చేసింది. ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తడం లేదు.

నాట్లు అయిపోయిన రోజుల్లో కబురు వచ్చింది, టాకీసులో మన పందెం వేస్తున్నారని. బాపు ట్రాలీ కట్టించాడు. పటేలు, ఆయన అల్లుడు, వాడకట్టు మనుషులు, బోధన్ అబ్బాయి అందరం కలిసి మధ్యాహ్నం ఆటకు పోయాం. అవ్వను రమ్మంటే రానంది.

“నేను సూసిన గదా. మల్ల పైసలు వెట్టి సూసుడెందుకు,” అంది.

హాల్లో దీపాలారాయి. ముందు ప్రభుత్వం వారి వార్తలు వచ్చాయి, ఎక్కడో వంతెన ప్రారంభం. తర్వాత తెర మీద మా ఊరి బీడు. హాలు దద్దరిల్లింది. ఒక ట్రాక్టరు చక్రం తిరిగింది. ఎవరిదో తెలియదు. కాస్త దుమ్ము లేచింది. వెంటనే కప్పులోకి చాయ పోస్తున్న చెయ్యి. మళ్ళీ ఒక చక్రం. మళ్ళీ చాయ. పటేలు జెండా ఊపాడు, మమ్మల్ని చూసి. ఆ తర్వాత వచ్చాడు మా బాపు, తెర నిండా మీసంతో సహా. బెంచీ మీద నా పక్కన కూర్చున్న అసలు బాపు చెయ్యి తనకు తెలియకుండానే మీసం మీదికి పోయింది.

తెర మీది బాపు ఎడమ భుజం వెనక, చిన్నగా, రెండు ట్రాక్టర్లు గీత వైపు వస్తున్నాయి. హాలంతా ఒక్క ఉలుకు ఉలికింది. అదిగో, అదే. అందరూ ముందుకు వంగారు. తెర మీది బాపు నవ్వి కప్పు ఎత్తాడు. కప్పు సరిగ్గా ట్రాక్టర్లకు అడ్డం వచ్చింది.

మా వరస మొత్తం ఎడమకు ఒరిగింది. కప్పు వెనక ఏముందో పక్క నుంచి కనిపిస్తుందేమోనని పటేలు దాదాపు పక్కవాడి ఒళ్ళో పడ్డాడు. ముందు వరసలోనూ అదే. టాకీసులో సగం మంది ఎడమకు వంగి తెర మీది కప్పు వెనకకు తొంగి చూస్తున్నారు. వెనక నుంచి ఎవరో, “కప్పు దించు కాకా,” అని అరిచారు. నా పక్కన బాపు చెయ్యి గబుక్కున కిందికి దిగింది. తెర మీది చెయ్యి దిగలేదు. తెర మీది బాపు గుటక వేశాడు. ఆ గుటక పూర్తి కాకుండానే తెర నిండా చాయపత్తి డబ్బా వచ్చి కూర్చుంది. డబ్బా పోయాక ఎవరో పట్నపు ఆమె, మా ఊరు ఎటుందో కూడా తెలియని ఆమె, వంటింట్లో నవ్వుతూ కప్పు అందించింది. చివరికి నీలం ట్రాక్టరు ఒక్కటే, గుడ్డ కట్టుకుని కదలకుండా నిలబడి ఉండగా, విజయం మీదే అని ఒక గొంతు చెప్పింది.

అందరి కంటే వెనక వచ్చిన బండి అది. పటేలు అల్లుడు కూడా సిగ్గుపడ్డాడు.

ఆ తర్వాత అసలు సినిమా ఏం నడిచిందో మాలో ఎవరూ చెప్పలేరు. అందరూ కప్పు గురించే గుసగుసలు, బాపు వైపు ఓరచూపులు. కప్పు కాస్త కిందికి పట్టుకుంటే ఏం పోయేదని ఒకరు, అంత ఆశేంది చాయ మీదని ఒకరు. ఇంటర్వెల్‌లో ఆ ముక్క మళ్ళీ వేస్తారని తెలిసి ఎవరూ లేవలేదు.

రెండోసారి వేసినప్పుడు అందరూ మళ్ళీ ఎడమకు ఒరిగారు. బాపు ఒరగలేదు. నిటారుగా కూర్చుని తెర పై భాగాన్ని చూస్తున్నాడు. నేనూ అటే చూశాను. తెర మీద ఉన్న మగవాళ్ళందరూ మా వైపు చూస్తున్నారు. వాళ్ళందరి వెనక, కాలువ కట్ట మీద, తెల్లని చుక్కల వరస ఒక్కటే అటు పందెం వైపు చూస్తోంది. అది మేము. బాపు కప్పు పైకి లేచిన క్షణంలో ఆ వరస వరసంతా ఒక్కసారే లేచి నిలబడింది. వెంటనే డబ్బా వచ్చింది.

బాపు నా చెయ్యి పట్టుకున్నాడు.

“మీరంత ఎందుకు లేసిండ్రు బిడ్డా?”

“అవ్వనడుగు,” అన్నాను నేను.

ఇంటర్వెల్ అయి సినిమా మళ్ళీ మొదలవుతుండగా మా ఊరివాళ్ళందరం లేచి బయటికి నడిచాం. ఎందుకు పోతున్నారో తెలియక గేటు దగ్గరి మనిషి బిత్తరపోయి చూశాడు. తిరుగు దారిలో ట్రాలీలో అన్న నా పక్కన కూర్చున్నాడు. తనకు తెల్లారి బోధన్‌లో లారీ ఉందని మెల్లగా చెప్పాడు. సినిమాలో కూడా ఏమీ తేలలేదు, ఇక తాళం మాట ఎవరెత్తుతారు అన్నాడు. ముందు మడ్‌గార్డు మీద ఆ రోజు బాపు కూర్చుని ఉన్నాడు, ఇల్లు చేరేదాకా రోడ్డు వైపే చూస్తూ.

ఇంకా వెలుతురు ఉండగానే ఇల్లు చేరాం. డ్రైవరు తాళం ఇస్తే బాపు మొలతాడుకు కట్టుకున్నాడు. అవ్వ అరుగు మీద అందరికీ చాయ తెచ్చి పెట్టింది. బాపు కప్పు అందుకుని, తాగకుండా పక్కన పెట్టాడు. ఎవరు గెలిచిండ్రని అడగలేదు.

“మీరు ఎందుకు లేసిండ్రు?” అన్నాడు.

అవ్వ ఆయన ముఖంలోకి చూసింది. అన్న వైపు చూసింది. చాయ తెచ్చిన పళ్ళెం పక్కన పెట్టి, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. తర్వాత చెప్పింది, మొదటి నుంచి. ఏ బండి ఎక్కడ పొగ కక్కింది, ఏది గుంజను పెళ్ళగించింది, నీలందెంత వెనక ఉంది, మలుపులో అన్న ఎట్లా వేగం తగ్గించి మళ్ళీ అందుకున్నాడు, బోధన్ అబ్బాయి దుమ్ములోంచి పక్కకు ఎట్లా తీశాడు. ఒక్క బండిని వదల్లేదు, ఒక్క అడుగు ముందుకూ వెనక్కూ పోలేదు. డ్రైవరు, అన్న, నేను, బాపు చెవులప్పగించి వింటున్నాం. పందెంలో బండి నడిపిన అన్న కూడా ఏం జరుగుతుందో తెలియనట్టు నోరు తెరుచుకుని విన్నాడు.

గీత దగ్గరికి వచ్చేసరికి అవ్వ బాపు వైపు తిరిగింది.

“కెమెరాయన నిన్ను వెనక్కి జరుగు వెనక్కి జరుగు అన్నడు. నువ్వు జరిగినవు. జరుగుకుంట జరుగుకుంట గీత మీదికి వచ్చినవు, వీపు వెట్టి. పోరడు నీ మీదికే వస్తున్నడు. మేం లేసి ఒర్రినం. మైకుల ఎవనికి ఇనవడుతది.”

బాపు పక్కన పెట్టిన కప్పు వైపు చూశాడు.

“వాడు బిరేకు తొక్కిండు. నీ వీపు ఇంత దూరం ఉన్నది,” అని అవ్వ రెండు చేతులు చాపి చూపించింది. “ఆపి, పక్కకు మలిపి, అటెన్క గీత దాటిండు. గప్పటికే బోధన్ పిలగాడు దాటిండు. వాడు ఓడిండు. నీ కొడుకు ఓడిండు. గిది సెప్పాల్నా నేను?”

అప్పుడు నాకు అవ్వ భయం పూర్తిగా అర్థమైంది. నిజం చెబితే అన్న ఓడినట్టు, ఓడితే లారీ. ఎందుకు ఓడాడో కూడా చెబితే చావడిలో బాపు తల ఎత్తుకోలేడు. ఎండలు పోయి నాట్లు అయ్యేదాకా ఆమె ఆ రెంటినీ కడుపులో పెట్టుకుని వంట చేసింది.

బాపు అన్న వైపు తిరిగాడు. నువ్వెందుకు సెప్పలే అన్నాడు.

“సెప్తె ఓడినందుకు సాకు సెప్తున్నడంటవు,” అన్నాడు అన్న.

అనేవాడే. బాపుకు ఆ సంగతి తెలుసు. తల వంచుకుని మొలతాడు ముడి విప్పబోయాడు. రోజూ పొద్దున విప్పే ముడి ఆ పూట వేళ్ళకు రాలేదు. అవ్వ లేచి వచ్చి వంగి ముడి విప్పింది, తాళం ఆయన చేతిలోనే పెట్టింది. బాపు దాన్ని అన్న చేతిలో పెట్టి, వాడి గుప్పిట మూశాడు. ఓడినవు రా, తీస్కో అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు నేను చూడ్డం అదే మొదలు. డ్రైవరు చూపు తిప్పుకుని ట్రాక్టరు వైపు నడిచాడు.

తెల్లారి పటేలు భార్య నీళ్ళు పారబోసి బిందె ఇవ్వక తప్పలేదు. అన్నే ట్రాక్టరు తీసి బోధన్ పోయి ఆ అబ్బాయికి ఇచ్చి వచ్చాడు. లారీ ఎవరి కోసమూ ఆగకుండా నాగపూరు పోయింది. ఇవన్నీ తెల్లారి సంగతులు.

ఆ సాయంత్రం మాత్రం ఎవరమూ అరుగు మీద నుంచి లేవలేదు. బాపు కప్పులో చాయ చల్లారి మీగడ కట్టింది. అవ్వ దాన్ని తీసి వేడి చేసి తెస్తానని లేవబోయింది. బాపు వద్దని కప్పును ఇంకా దూరం జరిపాడు.

“కూసో. మొదటికెల్లి మల్లొకసారి సెప్పు,” అన్నాడు.

అవ్వ కూర్చుంది. సున్నపు గీత దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.